కొబ్బరికాయతో నీళ్ల జాడ చెప్పే పెద్దాయన మాట తప్పదంటున్నారు: ఈ వాదనలో దోషం ఎక్కడుంది?

మెట్టచేను (ప్రశ్న):

మాది అనంతపురం జిల్లాలో వానల మీదే ఆధారపడిన మెట్ట పొలం. ఏళ్ల తరబడి వేరుశనగ వేసి విసిగిపోయిన మా అన్నయ్య ఈసారి నాలుగెకరాల్లో చీనీ (బత్తాయి) తోట పెట్టాలని నిశ్చయించుకున్నాడు. చీనీ చెట్టుకు ఎండాకాలంలోనూ తడి అందాలి కాబట్టి మొక్కలు నాటకముందే బోరు వేయించాలి. ఆ బోరు ఎక్కడ వేయాలన్న దగ్గరే మా ఇద్దరికీ మాట కుదరడం లేదు.

పక్క ఊళ్లో నీళ్లు చూసే పెద్దాయన ఒకరున్నారు. పిలక తీయని కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకొని, చెప్పులు విడిచి, పొలమంతా మెల్లగా నడుస్తారు. ఒకచోట ఆ కాయ దానంతట అదే లేచి నిలబడుతుంది. ఆయన అక్కడ ఆగి, మళ్లీ నాలుగు వైపుల నుంచీ ఆ చోటికి నడిచి చూసి, సున్నంతో గుర్తు పెట్టి, ఎన్ని అడుగుల్లో నీళ్లు పడతాయో, ఎన్ని అంగుళాల ధార వస్తుందో కూడా చెబుతారు. నేను పక్కనే నిలబడి చూశాను. ఆయన కావాలని చేతిని కదిలిస్తున్నట్టు నాకు ఎక్కడా కనిపించలేదు.

అన్నయ్య వాదన ఇది. మా చుట్టుపక్కల ఆయన చూపిన చోట వేసిన బోర్లలో చాలావాటికి నీళ్లు పడ్డాయి. అవి ఎవరెవరివో పేరుపేరునా చెప్పి, పారుతున్న బోర్లను చూపిస్తాడు. ఆ పెద్దాయన డబ్బు ముట్టరు, తాంబూలమూ పంచా తప్ప ఏమీ పుచ్చుకోరు. అలాంటి మనిషికి అబద్ధమాడవలసిన అవసరం ఏముంటుంది? మా తాత హయాంలో బావి తవ్వించినప్పుడు కూడా ఇలాగే చూపించుకున్నారు, ఆ బావి మూడు తరాలు పారింది. పోనీ జియాలజిస్టును పిలిపిద్దామంటే, యంత్రంతో చూపించుకున్నవాళ్ల బోర్లలోనూ నీళ్లు పడక దుమ్ము లేచినవి ఉన్నాయి కదా, అటువంటప్పుడు దాన్ని మాత్రమే శాస్త్రమని ఎందుకు ఒప్పుకోవాలి అంటాడు.

ఇదంతా కాకతాళీయమని నేనన్నాను. "ఒక్కసారి జరిగితే కాకతాళీయం అనుకోవచ్చు. ఇన్ని పొలాల్లో, ఇన్నేళ్లుగా జరుగుతున్నది కూడా కాకతాళీయమేనా?" అని అన్నయ్య అడిగాడు. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. అన్నయ్య ప్రతి రూపాయికీ లెక్క చూసుకొనే మనిషి. ఆ పెద్దాయనంటే నాకూ గౌరవమే. వాళ్లను చులకన చేయకుండా, ఈ వాదనలో దోషం ఉందా, ఉంటే సరిగ్గా ఏ మెట్టు దగ్గర ఉంది అన్నది తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

రాతిపొర:

భూగర్భ జలాల సర్వే పనిలో చాలాకాలం ఉన్నవాణ్ణి. మీ అన్నగారు వేసిన ఎదురు ప్రశ్న న్యాయమైనది. కాకతాళీయం అన్న జవాబు అక్కడ నిలవదు, ఎందుకంటే నీళ్లు పడటమనేది మీ ప్రాంతంలో అరుదుగా జరిగే వింత కాదు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఆ పెద్దాయన చూపకుండా వేసిన బోర్లలో ఎన్నింటికి నీళ్లు పడ్డాయి?

లెక్క కోసం ఒక సంఖ్య అనుకుందాం. మీ చుట్టుపక్కల ఎవరు ఎక్కడ వేసినా పది బోర్లలో ఆరింటికి ఎంతో కొంత నీరు తగులుతుందనుకోండి. అప్పుడు పొలంలోకి ఒక రాయి విసిరి, అది పడ్డచోటల్లా బోరు వేసుకుంటూ పోయినా నూటికి అరవై పారుతాయి. పెద్దాయన యాభై పొలాల్లో గుర్తులు పెడితే వాటిలో ముప్ఫై బోర్లు ఆయన పేరు మీద నిలబడతాయి. ఆ ముప్ఫై మంది రైతులలో ఒక్కరు కూడా అబద్ధం చెప్పరు, ఒక్కరు కూడా పొరబడరు, ప్రతి ఒక్కరూ తమ పొలంలో జరిగినదే చెబుతారు. అయినా కొబ్బరికాయ వల్ల అదనంగా ఒరిగింది ఏమీ ఉండదు. ఆ ప్రాంతపు సగటు ఎంతో తెలియకుండా ముప్ఫై అన్న సంఖ్య గొప్పదో కాదో చెప్పే వీలు లేదు. గోదావరి డెల్టాలోని ఒండ్రు నేలలో ఈ పని చేసేవారెవరైనా ఉంటే ఆయన మాట దాదాపు ఎన్నడూ తప్పదు, ఎందుకంటే అక్కడ ఇసుక పొరల నిండా నీరే ఉంటుంది. మీ జిల్లాలో అడుగున ఉన్నవి ఎక్కువగా గ్రానైటు, నైసు రాళ్లు. పైన కొన్ని మీటర్ల మేర రాయి శిథిలమై మెత్తబడి ఉంటుంది. దాని కింద గట్టి రాతిలో ఎక్కడ పగులు ఉంటే అక్కడే నీరు ఉంటుంది. పది గజాల తేడాతో ఒక బోరు పారి, ఇంకొకటి ఎండటం అక్కడ మామూలు.

ఇక పారిన బోర్లే లెక్కలోకి రావడానికి మరో కారణం కంటికి కనిపించేదే. నీళ్లు పడిన బోరు దగ్గర మోటారు, స్టార్టర్ పెట్టె, పైపులు, పచ్చటి తోట ఉంటాయి. దారిన పోయే ప్రతివాడూ రోజూ చూస్తాడు. పడని బోరు దగ్గర ఆ రాత్రికే కేసింగ్ పైపు పీకి బండికెక్కిస్తారు, గుంత పూడ్చేస్తారు, తరువాతి దుక్కికి ఆ చోటు ఎక్కడో యజమానికి కూడా గుర్తుండదు. అందులోనూ బోరు పోయిన రైతు ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడానికి ఇష్టపడడు, అప్పిచ్చినవాడు వింటాడన్న భయం ఉంటుంది. కాబట్టి మీ అన్నగారు ఊరంతా తిరిగి నిజాయితీగా పోగుచేసినా ఆయన చేతికి వచ్చే సాక్ష్యం ఒకవైపుదే అవుతుంది.

కాయ లేవడం గురించి కూడా చెప్పాలి. మీరు చూసింది సరే, ఆయన మోసం చేయడం లేదు. మనసులో ఒక కదలిక వస్తుందన్న ఎదురుచూపు ఉంటే, మనకు తెలియకుండానే కండరాలు స్వల్పంగా కదులుతాయి. అడ్డంగా, నిలకడ లేకుండా ఉన్న వస్తువు చేతిలో ఉంటే ఆ స్వల్ప కదలికే పెద్దదై కనిపిస్తుంది. 1833లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ దారానికి వేలాడే గుండు విషయంలో దీన్ని గమనించి రాశాడు. 1853లో ఇంగ్లండు శాస్త్రవేత్త మైకేల్ ఫారడే, చుట్టూ కూర్చున్నవారు చేతులు ఆనిస్తే బల్ల దానంతట అదే కదులుతుందన్న నమ్మకాన్ని పరీక్షించి, ఆ తోపు వాళ్ల చేతులనుంచే వస్తున్నదని చూపాడు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారు కూడా మీ పెద్దాయనలాగే నిజాయితీపరులు.

నీటి జాడ చెప్పేవారిని పెద్ద ఎత్తున పరీక్షించిన సందర్భం ఒకటుంది. 1987, 1988లలో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర ఒక పెద్ద కొట్టం కింది అంతస్తులో నీటి గొట్టాన్ని బండి మీద పెట్టి అటూ ఇటూ జరిపారు. పై అంతస్తులో నడుస్తూ ఆ గొట్టం ఎక్కడుందో చెప్పాలి. ముందుగా వడపోసి ఎంపిక చేసిన 43 మంది మొత్తం 843 సార్లు ప్రయత్నించారు. ఎక్కువమందికి ఏమీ దొరకలేదు, కానీ కొద్దిమందికి మాత్రం నిజంగా శక్తి ఉందని నిర్వాహకులు ప్రకటించారు. 1999లో జిమ్ ఎన్రైట్ అనే శాస్త్రవేత్త అవే అంకెలను మళ్లీ పరిశీలించి, అంతమంది అన్నిసార్లు ఊహించి చెబితే కొందరికి కొన్నిసార్లు బాగా కుదరడం సహజమేననీ, ఆ కొద్దిమందికి కూడా ఒకసారి కుదిరింది మరోసారి కుదరలేదనీ చూపాడు. ఫలితాలు వచ్చాక బాగా చెప్పినవారిని ఏరి, వీరే సమర్థులు అనడం చదువుకున్నవారు కూడా చేసే పొరపాటు.

సూటిమాట:

దీనికి ఇంత వివరణ అవసరం లేదనుకుంటాను. ఇది మూఢనమ్మకం. డబ్బు తీసుకోకపోయినా ఆ పెద్దాయనకు ఊళ్లో పరపతి, మర్యాద దక్కుతున్నాయి కాబట్టి ఆయన మాటకు విలువ ఇవ్వనక్కరలేదు. కొబ్బరికాయతో చూపిన చోటు కనుక అక్కడ తప్ప ఇంకెక్కడైనా బోరు వేసుకోండి.

తర్కపాఠి:

సూటిమాట గారి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందులోని రెండు వాక్యాల్లో రెండు దోషాలున్నాయి, వాటిని ఒప్పుకుంటే మనం మెట్టచేను గారి అన్నగారికి అన్యాయం చేసినవాళ్లమవుతాం. చెప్పినవాడికి లాభం ఉందన్న కారణంతో మాట అబద్ధమైపోదు. లాభం లేదన్న కారణంతో నిజమూ అయిపోదు. అన్నగారు అన్నదీ, సూటిమాట గారు అన్నదీ ఎదురుబొదురుగా నిలిచినా రెండూ ఒకటే తోవ పట్టాయి: మాటను వదిలి మనిషిని తూచాయి. మన ప్రాచీన తర్కమైన న్యాయదర్శనంలో ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. దానికి మనసులో కపటం లేకపోవడం ఒక్కటే చాలదు, విషయం తెలిసి కూడా ఉండాలి. పెద్దాయన నిష్కపటి అనడానికి ఆధారం ఉంది. భూమిలో నీరెక్కడుందో ఆయనకు తెలుసనడానికి అది ఆధారం కాదు.

రెండోది, వాదన చెడినంత మాత్రాన ముగింపు చెడదు. కాయ లేచిన చోట నీరు లేదని ఎవరూ రుజువు చేయలేదు. కాయ లేవడం నీటికి గుర్తు కాదని మాత్రమే రాతిపొర గారు చెప్పారు. ఆ చోటును పనిగట్టుకొని వదిలేయడం కూడా కాయకు లేని శక్తిని అంటగట్టడమే. పైగా ఏళ్ల తరబడి పొలాలు తిరిగిన మనిషికి నేల వాటం, పల్లం, చెట్లు చెప్పే సంగతులు కొన్ని తెలిసి ఉండవచ్చు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళమనే అధ్యాయమంతా చెట్లు, పుట్టలు, నేల రంగుల ఆధారంగా నీటి జాడ చెప్పడానికే కేటాయించాడు. అందులోని ప్రతి సూత్రమూ నిలుస్తుందని నేననను; గమనించి చెప్పడమన్నది కొబ్బరికాయకంటే వేరైన పద్ధతి, దాన్ని విడిగా పరీక్షించాలి అంటున్నాను.

ఇప్పుడు అన్నగారి ప్రధాన వాదన. "కాయ లేచిన చోట నీరు ఉంటుంది" అన్నది ఆయన పట్టుకున్న వ్యాప్తి, అంటే ఒకటి ఉన్నచోటల్లా రెండోది ఉండి తీరుతుందన్న నియమం. పొగ ఉన్న చోట నిప్పు ఉంటుందన్నట్టు ఇది. కానీ పొగ విషయంలో మనం రెండు వైపులా చూశాం: వంటింట్లో పొగ ఉంది, నిప్పూ ఉంది, చెరువులో నిప్పు లేదు, పొగా లేదు. మొదటిది అన్వయం, రెండోది వ్యతిరేకం. పెద్దాయన విషయంలో అందరూ చూసింది అన్వయం ఒక్కటే, అదీ మధ్యలో తప్పిన సందర్భాలతో కలిపి. కాయ లేవని చోట బోరు వేసి, అక్కడ నీరు లేదని చూసినవారెవరు? ఎవరూ ఉండరు, ఎందుకంటే ఆయన వద్దన్న చోట డబ్బు పోసి బోరు వేసే రైతు ఉండడు. అందువల్ల ఆ నమ్మకాన్ని సరిదిద్దగల ఆధారం ఊళ్లో ఎప్పటికీ పుట్టదు, ఎన్ని తరాలు గడిచినా ఒక వైపు సాక్ష్యమే పోగవుతుంది. అన్నగారి వాదన ఆగిపోవలసిన మెట్టు ఇదే.

దీనికంటే లోతైన సంగతి ఇంకొకటి ఉంది. పదిహేడో శతాబ్దంలో మన ఆంధ్రదేశపు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం చదివినవారికి ఉపాధి అన్న మాట తెలిసే ఉంటుంది. కొండ మీద నిప్పు ఉంది కాబట్టి పొగ కూడా ఉండాలి అని ఎవరైనా అంటే, ఆ ముగింపు చెల్లదు, ఎందుకంటే పొగ రావడానికి నిప్పుతోపాటు తడి కట్టె ఉండాలి. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉన్నా పొగ ఉండదు. పొగ ఉన్న చోటల్లా తడి కట్టె ఉంది, కానీ నిప్పు ఉన్న చోటల్లా తడి కట్టె లేదు. ఆ దాగి ఉన్న షరతే ఉపాధి. మన విషయంలో అటువంటి షరతు బోరు లోతు అయి ఉండవచ్చునని నా అనుమానం. పెద్దాయన మీద గురి ఉన్న రైతు మూడు వందల అడుగుల దగ్గర దుమ్ము లేస్తున్నా బండి ఆపనివ్వడు, ఆయన మాట తప్పదు ఇంకా దించండి అంటాడు. ఎవరినీ అడగకుండా వేసుకున్నవాడు ఆ లోతులోనే భయపడి ఆపేస్తాడు. అలాగైతే గుర్తు పెట్టించుకున్నవాళ్ల బోర్లు నిజంగానే ఎక్కువగా పారవచ్చు. దానికి కారణం కాయ కాదు, ఆ నమ్మకంతో దించిన అదనపు అడుగులు. నీళ్లు పడిన చోటల్లా తగినంత లోతు ఉంది, కాయ లేచిన చోటల్లా తగినంత లోతు దించలేదు. అన్నగారు పేరుపేరునా చెప్పగలిగిన ఆ బోర్లన్నీ ఎంత లోతువో ఒకసారి కనుక్కోండి.

పారుతున్న ఒక బోరును చూసి పొలమంతా నీళ్లున్నట్టు నమ్మడం గురించి ఒక మాట. ఒక్క మెతుకు పట్టి చూసి అన్నం ఉడికిందని చెప్పడం స్థాలీపులాక న్యాయం. కుండలోని మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే సెగ మీద ఉడికాయి కాబట్టి అది చెల్లుతుంది. రాతిపొర గారు చెప్పిన నేలలో పది గజాలకే సంగతి మారిపోతుంటే ఆ న్యాయం వర్తించదు.

చెరువుగట్టు:

మాది నల్గొండ జిల్లా. చోటు ఎంపిక గురించి పెద్దలు చెప్పారు. నా అనుభవంలో రైతును ఎక్కువగా ముంచే పొరపాటు బండి పొలంలోకి వచ్చాక జరుగుతుంది, దాని గురించి రాస్తాను.

బోరు బండివాళ్లు అడుగుకింత అని తీసుకుంటారు, అది కూడా వంద అడుగులకొక మెట్టుగా పెరుగుతూ పోతుంది. లోతు పెరిగే కొద్దీ అడుగు ఖరీదు పెరుగుతుంది, గట్టి రాతిలో నీటి పగులు తగిలే అవకాశం మాత్రం సాధారణంగా తగ్గుతుంది. అర్ధరాత్రి బండి మోతలో, ముఖం మీద తెల్లటి రాతి పొడి పడుతుండగా, రైతు అక్కడ నిలబడి వేసుకొనే లెక్క ఇది: ఇప్పటికి ఇంత పోశాను, ఇక్కడ ఆపితే అదంతా దండగ, ఇంకో యాభై అడుగులు చూద్దాం. ఆ యాభై అయ్యాక మళ్లీ అదే మాట, ఈసారి పోసింది ఇంకా ఎక్కువ కాబట్టి మాటకు బలం కూడా ఎక్కువ. పోసిన డబ్బు ఆపినా తిరిగి రాదు, దించినా తిరిగి రాదు. ఆ క్షణంలో తేల్చుకోవలసింది రాబోయే యాభై అడుగుల ఖర్చుకు ఆ యాభై అడుగుల్లో నీళ్లు తగిలే అవకాశం సరితూగుతుందా అన్న ఒక్కటే. ఇది చదువుకొని అర్థం చేసుకోవడం తేలిక, ఆ పొడిలో నిలబడి పాటించడం చాలా కష్టం. అందుకే ఎన్ని అడుగులకు ఆపాలన్నది బండి రాకముందే, ఇంట్లో కూర్చొని, వదినగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకొని తేల్చుకొని, కాగితం మీద రాసి సంతకం పెట్టుకోమని మీ అన్నగారికి చెప్పండి.

ఇంకొకటి, మా ఊళ్లలో తరచుగా వినిపించే మాట: "మూడు బోర్లు పోయాయి, నాలుగోది పడి తీరుతుంది." 1913 ఆగస్టు 18న మాంటే కార్లో జూదశాలలో తిరిగే చక్రం మీద నలుపు వరుసగా 26 సార్లు వచ్చింది, ఇన్నిసార్లు నలుపు వచ్చింది కాబట్టి ఇక ఎరుపు రాక తప్పదని పందెం పెంచుకుంటూ పోయిన జనం భారీగా పోగొట్టుకున్నారని చెబుతారు. ఆ చక్రానికి వెనుక జరిగినదానితో సంబంధం లేదు, ప్రతిసారీ అవకాశం మునుపటిలాగే ఉంటుంది. బోరు విషయం అంతకంటే కఠినమైనది. ఒకే పొలంలో మూడు బోర్లు పోయాయంటే ఆ పొలం కింద పగుళ్లు తక్కువని మూడు ఆధారాలు దొరికినట్టు. నాలుగోదానికి అవకాశం పెరగదు సరికదా, తగ్గిందని అనుకోవడమే సబబు. మా వైపు ఈ నాలుగో బోరుకే బంగారం తాకట్టు పెట్టిన ఇళ్లు నాకు తెలుసు.

మెట్టచేను:

అందరికీ కృతజ్ఞతలు. అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకొని మీ సమాధానాలన్నీ చదివి వినిపించాను. కాయ లేవని చోట ఎవరూ బోరు వేసి చూడలేదన్న మాట దగ్గర చాలాసేపు ఆలోచించాడు, అది నిజమేనన్నాడు. లోతుకు ముందే హద్దు రాసుకోవడానికి కూడా ఒప్పుకున్నాడు. అయితే రెండు ప్రశ్నలు వేశాడు, అవి నాకూ సమంజసంగానే తోచాయి. తాత బావి సంగతి, యంత్రం కూడా తప్పుతుంది కదా అన్న సంగతి ఎవరూ ముట్టుకోలేదన్నాడు. ఇంకొకటి, రెండు పద్ధతుల్లోనూ చూపించి, రెండూ ఒకే చోటు చెబితే అప్పుడైనా పెద్దాయన మాటకు బలం వచ్చినట్టే కదా అని అడుగుతున్నాడు.

రాతిపొర:

మీ తాతగారి కాలంలో తవ్వినవి మోట బావులు, దిగుడు బావులు. వాటి లోతు ముప్ఫై, నలభై అడుగులు, వెడల్పు ఒక గదంత. అవి పైనున్న మెత్తటి రాతి పొరలో నిలిచిన నీటిని పట్టుకొనేవి. అప్పటికి ఊరూరా బోర్లు లేవు, నీటి మట్టం పైనే ఉండేది, పల్లం చూసి తవ్విన బావిలో నీరు ఊరడం సహజం. నీళ్లు చూసేవారి పేరు ప్రతిష్ఠలు ఎక్కువగా ఆ రోజుల్లో ఏర్పడ్డాయి. తరువాత బోర్లు పెరిగి ఆ పై పొర చాలాచోట్ల ఎండిపోయింది. ఇప్పుడు మనం వెతుకుతున్నది వందల అడుగుల కింద, ఆరున్నర అంగుళాల రంధ్రానికి ఎదురుగా వచ్చే ఒక పగులును. ఆ పని వేరు, ఈ పని వేరు; అక్కడి విజయాన్ని ఇక్కడికి తెచ్చుకోలేం.

యంత్రం తప్పుతుందన్నది నిజం, నేను దాన్ని దాచను. భూమిలో నాలుగు కడ్డీలు వరుసగా దిగగొట్టి, చివరి రెంటి ద్వారా కరెంటు పంపి, మధ్య రెంటి దగ్గర వోల్టేజీ కొలుస్తాం. కడ్డీల మధ్య దూరం పెంచే కొద్దీ లోతైన పొరల సంగతి తెలుస్తుంది. గట్టి రాయి కరెంటును అడ్డుకుంటుంది, నీరున్న శిథిల పొర పోనిస్తుంది. కానీ తడిసిన బంకమన్ను కూడా పోనిస్తుంది. బాగా లోతులో ఉన్న సన్నని పగుళ్లు ఈ పద్ధతికి చిక్కవు. కాబట్టి సర్వే చేసిన బోర్లలో కొన్ని ఎండుతాయి. అయితే రెండూ తప్పుతాయి కాబట్టి రెండూ సమానమే అనడం కుదరదు. నూటికి పది తప్పినా తప్పటమే, నూటికి యాభై తప్పినా తప్పటమే. ఏది ఎంత తప్పుతుందో లెక్క చూడాలి. సర్వేకు ఒక సౌలభ్యం ఉంది: కొలిచిన అంకెలు కాగితం మీద ఉంటాయి, బోరు ఎండితే వాటిని తిరగేసి ఎక్కడ పొరబడ్డామో వెతకవచ్చు. కాయ చెప్పింది తప్పినప్పుడు బండి ఒక అడుగు పక్కకు జరిగిందనో, ఆ రోజు మైల పడ్డవారు పొలంలోకి వచ్చారనో, ఇంకో ఇరవై అడుగులు దించి ఉంటే పడేదనో అంటారు. ఏ ఫలితం వచ్చినా చెక్కుచెదరని మాట నుంచి రైతుకు అందే సమాచారం ఏమీ ఉండదు.

రెండూ ఒకే చోటు చెబితే బలం వచ్చినట్టేనా అన్నది మంచి ప్రశ్న. నాలుగెకరాల పొలంలో జియాలజిస్టు మొదట నడిచేది పల్లం వైపే, వాగు పోయే వాలు వెంటే. ఏళ్ల అనుభవమున్న పెద్దాయన కాళ్లు కూడా అటే పోతాయి. ఇద్దరూ ఒకే నేలను ఒకే కంటితో చూసి ఒకే మూలకు చేరితే, దానిలో కాయ పాత్ర ఏమిటో తేలదు. అది తేలాలంటే ఆయనను గౌరవంగా అడిగి, ఆయన ఒప్పుకుంటేనే, ఒక చిన్న ఏర్పాటు చేయండి. మొదట కళ్లు తెరిచి గుర్తు పెట్టమనండి. ఆ గుర్తు కొలతలు రాసుకొని, సున్నం చెరిపేసి, కళ్లకు గంతలు కట్టి, వేరే దిక్కు నుంచి ఒకరు చేయి పట్టుకొని నడిపిస్తూ, చోటు తెలియనివారే ఆ నడిపించేవారై ఉండేలా చూసుకొని, మళ్లీ వెతకమనండి. ఇలా కొన్నిసార్లు చేస్తే కాయ ప్రతిసారీ ఆ చోటికి దగ్గరలోనే లేస్తుందా, పొలంలో ఎక్కడపడితే అక్కడ లేస్తుందా అన్నది బోరు వేయకముందే, పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది. ఎంత దూరంలోపు లేస్తే కుదిరినట్టు లెక్కపెట్టాలన్నది మాత్రం ఆయనతో ముందే మాట్లాడుకొని ఒప్పుకోండి, చూశాక నిర్ణయించుకోవద్దు.

కొత్త బోరుకు అనుమతి సంగతి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కిందికి వస్తుంది కనుక ముందుగా మీ గ్రామ సచివాలయంలో కనుక్కోండి. భూగర్భ జల శాఖ జిల్లా కార్యాలయానికి వెళ్లేటప్పుడు పొలం సర్వే నంబరుతోపాటు, చుట్టుపక్కల బోర్ల జాబితా ఒకటి రాసుకొని వెళ్లండి: ప్రతిదాని లోతు, నీళ్లు ఎన్ని అడుగుల్లో పడ్డాయి, ఇప్పుడు ఎన్ని అంగుళాలు పోస్తున్నది, చోటు ఎవరు చూపారు. పూడ్చేసిన బోర్లు కూడా ఆ జాబితాలో ఉండాలి. వాటిని గుర్తుచేసుకోవడానికి ఊళ్లో పెద్దవాళ్లకంటే, మీ మండలంలో తిరిగే బోరు బండి మేస్త్రీని అడగడం మేలు. ఎన్ని అడుగులకు డబ్బు తీసుకున్నదీ ఆయన పుస్తకంలో పారిన బోర్లకూ, ఎండిన బోర్లకూ ఒకేలా రాసి ఉంటుంది.